జాముకి ఆమడ, ఎద్దుకి పందుం: ఆటలోకంలో పాత కొలతలు

మట్టికోట, రాతికోట, చెరువుకట్ట, పూటకూళ్ల ఇల్లు అన్నీ ముచ్చటగా అమర్చిన ఫాంటసీ ఆటలో కాపలావాడు వచ్చి "ఇక్కణ్ణుంచి రెండు కిలోమీటర్లు" అంటే చెవికి తేడా కొడుతుంది. దానికి చాలామంది చేసే మందు ఒకటే: రూల్సు పుస్తకం తెరిచి మీటరున్నచోట గజం, కిలో ఉన్నచోట సేరు అని మార్చేయడం. ఇది మొదటిదానికన్నా అన్యాయం. ఆటగాడు ప్రతి అంకెనీ మనసులో వెనక్కి లెక్కేసుకుంటాడు, అరగంటలో విసుగొచ్చి "మీటర్లలో చెప్పు గురూ" అంటాడు.

పాత కొలతలన్నీ ఏదో ఒక పని కోసం పుట్టినవి. ఆమడ నడిచేవాడిది, కుంచం ధాన్యం కొలిచేవాడిది, బార తాడు పేనేవాడిది, జాము కాపలా కాసేవాడిది. ఆటలో కూడా ఏ పనికి ఆ కొలతని కట్టేసి, ఆ పని తాలూకు నియమాన్ని కొలత చుట్టూ తిరగరాయాలి. అంకెల్ని మార్చడం కాదు, నియమాన్నే మార్చడం. కింద చెప్పేదంతా తెలుగునేల లాంటి లోకంలో నడిచే బల్లమీది ఆటకి, అంటే తలా ఒక పాత్ర వేసి పాచికలతో కథ నడిపే ఆటకి. నియమాల ఉదాహరణలకి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (2014 నాటి రూల్సు పుస్తకం) తీసుకున్నాను, ఎక్కువమందికి తెలిసింది అదే కాబట్టి.

ముందు కాలం తేల్చుకోండి. మన తాతలు వాడిన కొలతలన్నీ ఒక కాలానివి కావు. దేశంలో మెట్రిక్ పద్ధతికి చట్టం 1956లో వచ్చింది, నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. దానికి ముందున్న వాడుకలో ఎకరం, సెంటు, మైలు, ఔన్సు ఇంగ్లీషువాళ్లతో వచ్చినవి. అణా రూపాయితో పాటు వచ్చింది. పదమూడో శతాబ్దం ఓరుగల్లులాంటి ఊరు కట్టి అందులో రైతు చేత "మూడెకరాలు" అనిపిస్తే మొత్తం పాడవుతుంది. భూమిని అందులో పట్టే విత్తనాలతో చెప్పడం శాసనాల్లో ఉన్న పద్ధతే: పుట్టెడు విత్తనాల నేల, ఏదుం విత్తనాల నేల (పుట్టి, ఏదుం ధాన్యం కొలతలు, లెక్క కింద ఉంది). దీనివల్ల ఇంకో లాభం, భూమికి వేరే పట్టిక అక్కర్లేదు, ధాన్యం పట్టికే సరిపోతుంది.

ఇక్కడ వాడిన తూకాల అంకెలు మద్రాసు ప్రెసిడెన్సీలో స్థిరపడినవి. అంతకుముందు ఊరికో లెక్క ఉండేది. ఆటకి మాత్రం ఒక స్థిరమైన లెక్క కావాలి.

నడక, కాలం

ఇవి రెండూ కలిసే ఉండాలి. రోజుకి 8 జాములు, జాముకి మన గడియారంలో 3 గంటలు. రోజుకి 60 గడియలు, గడియకి 24 నిమిషాలు; అంటే జాముకి ఏడున్నర గడియలు. ఆమడని 4 కోసులుగా, కోసుని 2 మైళ్లుగా పెట్టుకుంటే ఆమడ 8 మైళ్లు. ఐదో ఎడిషన్‌లో మామూలు నడక రోజుకి 24 మైళ్లు, గంటకి 3 మైళ్లు. అంటే రోజుకి సరిగ్గా మూడు ఆమడలు, జాముకి ఇంచుమించు ఒక ఆమడ. ఇంత తేలిగ్గా కుదిరినప్పుడు ఇంకో పట్టిక ఎందుకు? "జాముకి ఆమడ, రోజుకి మూడు" అని బల్ల మీద రాసి పెట్టండి. ఎడ్లబండికి జాముకి మూడు కోసులు, వానాకాలం నల్లరేగడిలో అందులో సగం. పటం మీద కోసుకి ఒక గడి వేస్తే నాలుగు గళ్లు ఆమడ.

రాత్రికి నాలుగు జాములు కాబట్టి నలుగురు ఆటగాళ్లుంటే కాపలా తలా ఒక జాము. పుస్తకంలో 8 గంటల పూర్తి విశ్రాంతిని మూడు జాములు చేయండి. గంట ఎక్కువైనా ఫరవాలేదు. ఎవరి జాములో దాడి జరిగిందో చెప్పడం సులువవుతుంది.

రోజు పొద్దుపొడుపుతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. ఆటగాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. "పదో గడియకి కోటతలుపు మూస్తారు" అంటే వాళ్లు రాత్రి పది అనుకుంటారు, నిజానికది ఉదయం పది. అంకె చెప్పకుండా పొద్దుని పట్టుకుని చెప్తే ఈ గొడవే ఉండదు: "రెండు గడియల పొద్దెక్కాక", "మూడు గడియల పొద్దుండగా తలుపు మూస్తారు". గడియలో అరవయ్యో వంతైన విఘడియని పోరులోకి తేవద్దు. 24 సెకన్లు అంటే ఆరేసి సెకన్ల పోరు వంతులు నాలుగు, లెక్క కుదురుతుంది, కానీ కత్తి దూసినవాడెవడూ విఘడియలు లెక్కపెట్టడు. పోరులో వంతులే చాలు.

నేలమాళిగలో మాత్రం గడియకి మంచి ఉపయోగం ఉంది. పుస్తకంలో కాగడా గంటసేపు వెలుగుతుంది. దాన్ని రెండు గడియలు చేయండి. ఒక గది పూర్తిగా వెతకడానికి అర గడియ. అప్పుడు కాగడాకి నాలుగు గదులు, కాగితం మీద గీతలు గీస్తే సరిపోతుంది.

బల్ల మీద నిజం గడియగిన్నె పెట్టాలనుకునేవాళ్లకి: పలచటి రాగి లేదా స్టీలు గిన్నె తీసుకుని అడుగున సూదిమొనంత చిల్లు వేసి నీళ్ల మీద వదలాలి. నీరు ఎక్కి గిన్నె మునిగేదాకా పట్టే కాలమే గడియ. చిల్లు చిన్నదిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. పెద్దదైతే మళ్లీ చిన్నది చేయలేం. కొంచెం ఆలస్యంగా మునుగుతుంటే చిల్లు జోలికి పోకుండా గిన్నెలో ఒకటి రెండు గులకరాళ్లు వేస్తే వేగం పెరుగుతుంది. ప్లాస్టిక్ గిన్నె వద్దు, నీళ్లతో నిండినా తేలుతుంది. నీళ్లు వడగట్టి పోయాలి, చిన్న నలక అడ్డుపడితే గడియ గడవదు.

బార, నిలువు

జానెడు సుమారు 9 అంగుళాలు, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. బార అంటే 6 అడుగులు. ఐదో ఎడిషన్‌లో పోరు పటం మీది గడి 5 అడుగులు. ఇక్కడ కక్కుర్తి పడి "గడి అంటే బార" అని ఊరుకుంటే ఒక వంతులో 30 అడుగుల నడక 6 బారలై, అందరి వేగం ఐదో వంతు పెరుగుతుంది, విల్లు దూరాలు మాత్రం అలాగే ఉంటాయి. గడిని బార చేసి, వేగాన్ని 5 గళ్లకి తగ్గించాలి. అప్పుడు పెద్దవిల్లు దూరం (మామూలుగా 150, మహా అయితే 600 అడుగులు) కాస్తా 25, 100 బారలవుతాయి. విసిరే బాకు 20, 60 అడుగులు మూడు బారలు, పది బారలు. 25 అడుగుల వేగమున్న పొట్టివాళ్లకి 4 గళ్లు. యాభై అడుగుల తాడు ఎనిమిది బారల తాడు.

లోతుకి బార వద్దు, నిలువు వాడండి. మనిషి ఎత్తు ఒక నిలువు. రెండు నిలువుల మీంచి పడితే ఒక ఆరుముఖాల పాచిక దెబ్బ, ఆపైన ప్రతి రెండు నిలువులకీ ఇంకొకటి. ఏరు దాటేటప్పుడు అంకే అక్కర్లేదు: మోకాలిలోతులో వేగం సగం, మొలలోతులో ప్రతి వంతుకీ బలం పరీక్ష, పీకల్లోతులో కవచం విప్పకపోతే మునక. దూరం వినబడటానికి కూతవేటు. ఇంతకన్నా స్పష్టంగా ఏ మీటరూ చెప్పలేదు.

మోత

3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. తులం 11.66 గ్రాములు కాబట్టి పలం 35 గ్రాములు, వీశె 1.4 కిలోలు, మణుగు 11.2 కిలోలు. మధ్యలో పది పలాలకి పదలం, అంటే పావు వీశె.

ఐదో ఎడిషన్‌లో మోయగలిగే బరువు పాత్ర బలం అంకెకి పదిహేను రెట్లు, పౌండ్లలో. పదిహేను పౌండ్లు దాదాపు 5 వీశెలు. కాబట్టి నియమం: బలం ఇంటూ ఐదు వీశెలు. బలం 10 ఉన్నవాడు 50 వీశెలు, అంటే ఆరు మణుగుల రెండు వీశెలు మోస్తాడు. పుస్తకంలో 3 పౌండ్ల కత్తి ఒక వీశె, 6 పౌండ్ల డాలు రెండు, 55 పౌండ్ల గొలుసు కవచం 18 వీశెలు, పది పౌండ్ల తాడు మూడు. వీశెకి తక్కువున్న ప్రతి వస్తువునీ పదలానికి సర్దేయండి. బాకు ఒక పదలం, దీపం ఒక పదలం. తులాలు, పలాలు బంగారం కొట్లో, మందుల కొట్లో మాత్రమే కనబడాలి. ఆటగాడి సంచి కాగితం మీద పలం కనబడితే పట్టిక వేసినవాడు పొరపడ్డట్టే.

ధాన్యం

అసలు రుచి ఇక్కడుంది. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి, 30 పుట్లు గరిసె. ఐదు తూములకి ఏదుం, పది తూములకి పందుం. ఇవి తూకాలు కావు, పాత్ర కొలతలు. ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది: కుంచెడు వడ్లూ కుంచెడు బియ్యమూ ఒకే బరువు ఉండవు. ఆటకి మానికని ఒక లీటరు అనుకోండి. అప్పుడు మానెడు బియ్యం దాదాపు 800 గ్రాములు, మానెడు వడ్లు 570 గ్రాముల దగ్గర. వడ్లు దంచితే కొలతలో సుమారు సగం బియ్యం వస్తుంది.

ఇక తిండి. గట్టిగా పనిచేసే మనిషికి రోజుకి మూడు సోలల బియ్యం, అంటే 600 గ్రాములు. నూరుమంది బంట్లకి రోజుకి 300 సోలలు: నాలుగు తూముల రెండు కుంచాల మూడు మానికలు. ఒలికింది, ఎలుక తిన్నది కలిపి ఐదు తూములనుకోండి. నూరుమందికి రోజుకి ఏదుం. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే దండయాత్రల లెక్కంతా నోటితోనే అయిపోతుంది. పెరికెద్దు మోసేది ఒక పందుం బియ్యం, దాదాపు 128 కిలోలు. అంటే నూరుమందికి రెండు రోజుల తిండి. ఎడ్లబండికి మూడు పుట్లు, పన్నెండు రోజులు. కోటలో గాదెకి ఒక గరిసె పడితే, బియ్యమైతే నూరుమందికి నాలుగు నెలలు, వడ్లైతే రెండు నెలలు. ముట్టడి ఎన్నాళ్లు నడుస్తుందో పాచిక వేయక్కర్లేదు, గాదెలోకి తొంగిచూసే గూఢచారి ఉంటే చాలు. అదే ఒక రాత్రి ఆట.

కొలిచేవాణ్ణి కూడా ఒక పాత్ర చేయండి. మొదటి కొలతని "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. ఊరి పద్ధతి తెలియని ఆటగాడు లెక్కపెట్టడానికి దిగి "ఒకటి" అంటే కళ్లంలో అందరూ తలెత్తి చూస్తారు.

మోసం ఎక్కడ జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. కుంచాన్ని కర్రతో తలకొట్టి కొలవొచ్చు, శిఖగా పోసి కొలవొచ్చు. ఎత్తూ వెడల్పూ సమానంగా ఉన్న కుంచం మీద వడ్ల శిఖ ఇంచుమించు ఎనిమిదో వంతు అదనం వేస్తుంది. నోరు వెడల్పు చేసి ఎత్తు తగ్గిస్తే, లోపల పట్టేది అంతే ఉన్నా, శిఖ రెట్టింపు దాకా పోతుంది. అప్పిచ్చేటప్పుడు తలకొట్టు, తిరిగి తీసుకునేటప్పుడు శిఖ: పుట్టికి రెండున్నర తూములు కూర్చున్నచోట మిగులుతాయి. పై నుంచి ధారగా పోస్తే గింజ ఒత్తుగా సర్దుకుని ఇంకాస్త పడుతుంది, నెమ్మదిగా జారవిడిస్తే గుల్లగా కూర్చుని తక్కువ పడుతుంది. భూస్వామి గాదెలో రెండు కుంచాలున్నాయని, రెంటిలోనూ నీళ్లు పోస్తే సమానంగానే పడతాయని, అయినా రైతు ఎందుకు నష్టపోతున్నాడో కనిపెట్టమని ఆటగాళ్లకి ఇవ్వండి. కత్తి అవసరం లేని మంచి చిక్కుముడి.

డబ్బు

వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం, దాంట్లో సగం మాడ. కంపెనీ కాలంలో మద్రాసులో వరహాకి 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు నడిచాయి. ఆటకి 42 ఎవరికీ పనికిరాదు. షరాబు వేషం వేసేవాడికి తప్ప. వరహాకి 10 ఫణాలు, ఫణానికి 80 కాసులు పెట్టుకుని, ధరలన్నిటినీ ఒక్క మేకుకి కట్టండి: కూలివాడి రోజు కూలి కుంచెడు వడ్లు. వరహాకి ఏదుం వడ్లు అనండి. అప్పుడు ఫణానికి రెండు కుంచాలు, కూలి 40 కాసులు, మానెడు వడ్లు 10 కాసులు, మానెడు బియ్యం 20. పుట్టి వడ్లు నాలుగు వరహాలు. కొత్త వస్తువు ధర కావాలంటే అది ఎన్నాళ్ల కూలో ఆలోచిస్తే చాలు. కరువొస్తే వరహాకి ఏదుం బదులు రెండు తూములే వస్తాయి, మిగిలినవన్నీ వాటంతటవే కదులుతాయి.

నిధి దొరికినప్పుడు బరువు చూడండి. పుస్తకంలో పౌండుకి 50 నాణేలు. వరహాలు అంతకన్నా చాలా తేలిక, వీశెకి 410 దాకా తూగుతాయి. వెయ్యి వరహాలు రెండున్నర వీశెలే, నడుముకి కట్టుకుని పోవచ్చు. కాబట్టి మోయడం కష్టమవ్వాలనుకుంటే నిధిని రాగిలోనో, మిరియాల్లోనో పెట్టండి. సుంకం గుమ్మానికి నమూనా కావాలంటే కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు, ఒక్కో సరుకుకి ఒక్కో సుంకం చెక్కించాడు.

ఒకే పేరు, వేరే బరువు

మద్రాసు మణుగు 25 పౌండ్ల దగ్గర, బెంగాలు మణుగు 82 పౌండ్లు దాటింది. ఇలాంటిది కనబడగానే ప్రతి ఊరికీ ఒక మణుగు పెట్టాలని చేయి దురద పెడుతుంది. పెట్టకండి. రాజ్యం మొత్తానికి ఒకే మణుగు ఉంచి, ఒక్క రేవుపట్నంలో మాత్రం పెద్ద మణుగు పెట్టండి. నూరు మణుగుల మిరియాలకి ఒప్పందం రాసుకున్నాక ఆటగాళ్లకి సంగతి తెలియాలి. ముందే ఒక సూచన ఇవ్వడం ధర్మం: ఆ రేవులో కూలీలు మణుగు మూటని ఒక్కరు కాక ఇద్దరు ఎత్తుతున్నట్టు వర్ణించండి.

కంప్యూటర్ ఆట రాసేవాళ్లకి

ధాన్యాన్ని గిద్దెల్లో, బరువుని తులాల్లో, డబ్బుని కాసుల్లో పూర్ణాంకాలుగా దాచండి. చూపించేటప్పుడే పెద్ద కొలతల్లోకి విడగొట్టండి. మానికకి 16 గిద్దెలు, కుంచానికి 64, తూముకి సరిగ్గా 256, పుట్టికి 5,120, గరిసెకి 1,53,600. సోల, తవ్వ, మానిక అన్నీ సగాలూ పావులూ కాబట్టి దశాంశ భిన్నాల్లో వచ్చే సున్నా పాయింట్ ఒకటి లాంటి శేషాల పీడ వీటిలో లేదు. అయినా పూర్ణాంకాలే మేలు, వీశెలో 40 ఉంది మరి. ప్రతి సరుకుకీ గిద్దెకి ఎన్ని తులాలో ఒక గుణకం పక్కన పెట్టకపోతే వడ్లు, బియ్యం, నూనె ఒకే బరువు తూగుతాయి.

తెరమీది వాక్యాల్లో ఇంకో చిక్కు. అంకె, కొలత, సరుకు అతికించే కోడు "1 కుంచం బియ్యం" అని రాస్తుంది. మనం అనేది కుంచెడు బియ్యం, సోలెడు పాలు, బారెడు తాడు, పుట్టెడు వడ్లు. ఒకటి దాటితే రెండు కుంచాల బియ్యం, మూడు సోలల పాలు. కాబట్టి ప్రతి కొలతకీ మూడు రూపాలు పట్టికలో ఉండాలి: విడిగా, ఒకటికి, బహువచనానికి సరుకు ముందు. అరకుంచానికి అడ్డెడు అనే విడి మాట ఉంది, అది నాలుగోది.

చివరగా, లెక్కల పుస్తకాలూ గాదె చీటీలూ అచ్చేసి ఆటగాళ్ల చేతికిచ్చేవాళ్లకి ఒక సదుపాయం. తెలుగులో నాలుగో వంతుల లెక్కకి వాడిన పాత భిన్నాంకెలు 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి, వాటితో పాటు తూము గుర్తు ౿ కూడా. తూములో కాలు కుంచం, కుంచంలో కాలు మానిక కాబట్టి ఆ అంకెలు ఈ పట్టికకి అచ్చంగా సరిపోతాయి. అన్ని ఫాంట్లలో ఈ గుర్తులుండవు, లేనిచోట ఖాళీ డబ్బా పడుతుంది. అందుకని నలభై చీటీలు ఒకేసారి అచ్చుకివ్వకుండా ముందు ఒక కాగితం తీసి చూసుకోండి.